కొట్టని కరెంటు

విద్యుచ్ఛక్తి మన పల్లెలలో ప్రవేశించిననాడు దానివెంట ఒక భయము కూడ ప్రవేశించినది. ఆ భయమును నేర్పుటకు బడిగాని, పుస్తకముగాని, పంతులుగాని అక్కఱలేకపోయినది. తడిచేతితో స్విచ్చి ముట్టరాదనియు, కాలికి చెప్పులేనిదే ఫ్యూజుపెట్టె దగ్గఱకు పోరాదనియు, స్తంభపు స్టేవైరునకు బఱ్ఱెను కట్టరాదనియు, గాలివానకు తెగిపడిన తీగ కనబడినచో దానిని కట్టెతోనైనను కదపక లైన్‌మనుకు కబురు పెట్టవలెననియు అక్షరమెఱుగని తల్లి సైతము తన బిడ్డకు చెప్పగలదు. శాస్త్రము తెలియకపోయినను శాస్త్రము విధించు నడవడిక మాత్రము ఆ భయముచేత ఇంటింట స్థిరపడినది. నిజమునకు మనలో ఎందఱకు వోల్టన నేమో, ఆంపియరన నేమో తెలియును? తెలిసినదొక్కటే, అది కొట్టునని. ఆ ఒక్క యెఱుకతోనే మూడు తరములవారు కరెంటుతో కాపురము చేసికొనివచ్చిరి.

ఇప్పుడు కొట్టని కరెంటొకటి వచ్చినది. ఆదోనినుండి ఎమ్మిగనూరు పోవు దారికి ఇరుప్రక్కల, నల్లరేగడి చేలలో, రేకుల కొట్టముల నెత్తిన నీలివన్నె సోలారు ప్లేట్లు మెఱయుచున్నవి. సేద్యపు లైనులో కరెంటు నియమితమైన గంటలు మాత్రమే వచ్చును. ఆ లైనైనను బోరున్న చోటికే కాని, వానను నమ్ముకొన్న మెట్టచేనికి రాదు. రాత్రియో, ఏరిన ప్రత్తికి కావలియుండవలెను, పెరికిన ఉల్లిగడ్డకు కావలియుండవలెను, అడవిపందులను తఱుమవలెను, పామో తేలో కాలిక్రింద పడకుండ చూచుకొనవలెను. స్తంభము వేయించుకొన డబ్బు చాలనివాడు 100 వాట్ల ప్లేటొకటి, బ్యాటరీ యొకటి, చార్జి కంట్రోలరొకటి, రెండు బల్బులు, చిన్న ఫ్యాను కొని, తానే బిగించుకొని, ప్రొద్దుగ్రుంకగానే వెలుగు చూచుకొని మురియుచున్నాడు. మురియదగినదే. ఆ మురిపెమును తక్కువచేసి మాటలాడువాడు అమావాస్యనాడు చేనిలో పండుకొని యెఱుగనివాడై యుండవలెను.

వెలుగు తర్వాత అతనికి కలుగు రెండవ విస్మయము, ఆ తీగలను వట్టిచేతులతో పట్టుకొన్నను ఏమియు కాకపోవుట. పొడిగానున్న మన చర్మము వేలకొలది ఓముల నిరోధము గలది. 12 వోల్టుల ఒత్తిడి దానిని దాటి, ప్రాణమునకు ముప్పుతెచ్చునంతటి ప్రవాహమును దేహమున నడపజాలదు. ఎలక్ట్రీషియను జేబులోని టెస్టరు కూడ ఇచట మూగవోవును. దానిలోని నియాన్ దీపము వెలుగుటకు పదులకొలది వోల్టులు కావలయును గనుక, అది 12 వోల్టుల తీగను తాకియు వెలుగక, ఇచట కరెంటు లేదని సాక్ష్యము పలుకును. ఇంతకాలము మనలను కాపాడిన వెఱపు పోయినది, ఆ వెఱపునకు కన్నుగానున్న పనిముట్టు పోయినది. వాని స్థానమున రావలసిన తెలివి మాత్రము ఇంకను రాలేదు. ఈ సందునుగూర్చియే నా యాలోచన.

కొట్టకపోవుట వేఱు, కాల్చకపోవుట వేఱు. మనిషిలోనికి కరెంటును త్రోయునది వోల్టుల ఒత్తిడి. తీగను వేడెక్కించునది ఆంపియర్ల ప్రవాహము. ఒత్తిడి తగ్గినకొలది అదే పనికి ప్రవాహము హెచ్చవలెను. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక ఫోను చార్జరు కలిసి 60 వాట్లు పుచ్చుకొనుననుకొందము. ఊరి యింటిలో 230 వోల్టుల తీగయందు దానికై పావు ఆంపియరుకు రవంత పైన పాఱిన చాలును. చేనికొట్టపు 12 వోల్టుల తీగయందు 5 ఆంపియర్లు పాఱవలెను. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గము ననుసరించునని జేమ్స్ జౌల్ అను శాస్త్రజ్ఞుడు 1841లోనే కనుగొనియున్నాడు. కనుక ప్రవాహము పందొమ్మిదింతలైనచోట, తీగ అదియే యైనచో, వేడి మూడువందల యరువదింతలు దాటును. పట్టణపు మేడలో సుఖముగా బల్బు వెలిగించు సన్నని తీగ, ఏ దోషమును ఎఱుగని ఆ తీగయే, కొట్టములోనికి వచ్చి వేఱొక స్వభావమును చూపును. ఇక బ్యాటరీమాట చెప్పనేల? మంచిస్థితిలోనున్న 100 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీ రెండు టెర్మినళ్ల నడుమ పానా జాఱిపడినచో వేయి ఆంపియర్లకు పైగా ఒక్కపెట్టున పాఱవచ్చును. పానా అతుకుకొనిపోవును, వ్రేలికి ఉంగరమున్నచో ఆ యుంగరము ఎఱ్ఱగా కాలి వ్రేలిని పట్టుకొనును. షాకు కొట్టలేదు గదా యని అప్పుడు సంతోషింపవచ్చును!

ఇది రాతిమిద్దెలో జరిగిన నొకమాట, ప్రత్తిసీమలో జరిగిన వేఱొకమాట. ఆదోని పేరు ప్రత్తితో పెనవైచుకొనిపోయినది. సీజనులో ఆ మార్కెట్టుయార్డునకు ప్రత్తిబండ్లు వచ్చునపుడు దారిప్రక్క తుమ్మకంపలు సైతము తెల్లని పీచుపట్టి పూచినట్లుండును. అక్కడి జిన్నింగు మిల్లులో పనిచేసినవాని నెవనినైనను అడుగుడు, నిప్పురవ్వ యెంతమాటయో చెప్పును. బీడీ కాల్చుకొనవలెనన్నచో గేటువెలుపలికి పోవలసినదే. అంత జాగ్రత్తగల మిల్లునకు చేరవలసిన ప్రత్తియే, ధరకై యెదురుచూచుచు, ముందుగా కొన్ని వారములు రైతు కొట్టములో, వాసమునకు చుట్టిన తీగలక్రింద, మూటలై నిలిచియుండును. మిల్లులో నియమమున్నది, కొట్టములో, కొట్టదన్న ధీమా యున్నది.

అట్టి కొట్టమొకదానిలో ఒక అతుకును చూచితిని. స్పీకరుపెట్టెలకు వాడు సన్నని జంటతీగను బ్యాటరీనుండి ఫ్యానువఱకు లాగి, పొడవు చాలక, మఱియొక ముక్కను దానికి పురిపెట్టి, నల్లటేపు చుట్టియున్నారు. టేపు మెత్తబడి, జిగురు కాఱి, ఆ జిగురున దుమ్మును ప్రత్తిపీచును పట్టి, అతుకునకు బూరు మొలచినట్లున్నది. ఎఱ్ఱని తొడుగు ఆ దాపున ముదురు తేనెవన్నెకు తిరిగి, గోటితో నొక్కగానే పెళుసై విఱిగినది. లోపలి రాగిపోగులు కొన్ని నల్లబడినవి, కొన్ని చిలుమెక్కి పచ్చబడినవి. దానిక్రింద జానెడు దూరమున ప్రత్తిమూట. బల్బు మాత్రము నిక్షేపముగా వెలుగుచునేయున్నది. ఇబ్బంది యేమైన కలదా యని రైతు నడిగితిని. "ఏం లేదు సార్, ఫ్యానే రోంత నిదానంగా తిరుగుతాది" అనెను. ఆ నిదానమే తీగ పెట్టుకొనిన మొఱ. వినువారు లేక అది ఎన్నాళ్లనుండి మొఱపెట్టుచున్నదో!

ఫ్యాను నిదానమునకు లెక్కయున్నది, ఆ లెక్క కష్టమైనది కాదు. గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమే చాలును. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ మీటరునకు సుమారు 19 మిల్లీ ఓముల నిరోధము కలది. బ్యాటరీ నుండి ఫ్యాను పది మీటర్ల దూరమున నున్నదన్నచో తీగ పది మీటర్లని మనమనుకొందుము. కరెంటు పోవలెను, తిరిగి రావలెను గనుక దారి ఇరువది మీటర్లు. 5 ఆంపియర్లు ఆ దారిన పాఱునపుడు దాదాపు 2 వోల్టులు తీగలోనే హరించిపోవును. ఇంటి కరెంటులో 230కి 2 తగ్గిన నెవ్వరికిని తెలియదు. 12లో 2 పోయిన ఆఱవవంతు పోయినట్లు. పోయిన దానిలో ఒక్క కణమైనను వృథాగా పోదు సుమా, అంతయు వేడియై తీగవెంబడి మిగిలియే యుండును. అతుకు వదులైనచోట ఒక్కచోటనే కుప్పవడును. తీగ 4 చదరపు మిల్లీమీటర్లదైన నష్టము అర వోల్టునకు దిగును, 6 చదరపు మిల్లీమీటర్లదైన వోల్టులో మూడవవంతునకు. రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేసికొని, దానికి తగిన బల్బులు, ఫ్యాను తెచ్చుకొన్నచో ప్రవాహము సగమై, నష్టము సగమై, ఆ సగము రెట్టింపైన ఒత్తిడిలోనిది గనుక శాతము నాలుగవవంతునకు పడిపోవును. ఇవన్నియు కాక అన్నిటికంటె చౌకయైన ఉపాయము మఱియొకటి కలదు, అది బ్యాటరీని లేపి ఫ్యానుదగ్గఱ పెట్టుట. ఎందుచేతనో ఇది మాత్రమెవ్వరికిని తోచదు. బ్యాటరీ అనునది తలుపుమూలనే యుండవలెనని శాస్త్రమున్నట్లు అక్కడనే పెట్టుదురు.

తీగ సన్నమో లావో తెలిసికొనుటలో ఎమ్మిగనూరు వారికి మనము చెప్పదగినది లేదు. పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకారసంఘమును నెలకొల్పిన యా యూర, నూలునంబరు పెరిగినకొలది పోగు సన్నమగునని పసిపిల్లలకు సైతము తెలియును. 2/80 అన్నచో 80 నంబరు పోగులు రెండు కలిపి పురిపెట్టినదని మగ్గము ముందు కూర్చున్నవాడు అడుగకయే గ్రహించును. వెనుకటి ఎలక్ట్రీషియన్లు తీగను పిలిచిన పద్ధతియు ఇదియే. 3/22 అనగా 22 గేజి పోగులు మూడు, 7/20 అనగా 20 గేజి పోగులు ఏడు. ఇచటను అంకె పెరిగిన పోగు సన్నము. నేటి కొలతలో మొదటిది ఒకటిన్నరకు లోపు చదరపు మిల్లీమీటర్లు, రెండవది నాలుగున్నర. ఆ యూరి సామాను దుకాణమున నేనుండగా, మగ్గము మానుకొనిన పెద్దాయన ఒకరు వచ్చి, కోసియుంచిన తీగకొనను రెండు వ్రేళ్లనడుమ నలిపి, పురివిప్పి పోగులు వేఱుచేసి, "ఎన్ని పోగులప్పా ఇది?" అని ధరకంటె ముందు అడిగిరి. దుకాణమువాడు ధర చెప్పెను. పెద్దాయన మరల పోగులే అడిగిరి. అట్టి కొనుగోలుదారుని నేనింతకు ముందు చూడలేదు.

పోగులనడుగుట మన కాలమున మఱింత అవసరమైనది. దుకాణములో "నాలుగు ఎం.ఎం. వైరు" అందురు; అది అడ్డుకొలత కాదు, కోసిన ముఖముయొక్క వైశాల్యము. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి అడ్డుకొలత రెండుంబావు మిల్లీమీటర్లు మాత్రమే. ఇది తెలియనివాడు పైతొడుగు లావును చూచి లోపలి రాగిని ఊహించుకొనును. తొడుగును లావుగా పోసి రాగిని పిసినారిగా పెట్టు కళ తెలిసినవారును లోకమున కలరు. రాగిపూత పూసిన అల్యూమినియపు తీగయు ఎఱ్ఱగానే మెఱయును. పోగును చాకుమొనతో గీచిన గుట్టు బయటపడును: రాగియైన లోపలను ఎఱుపే, కానిచో తెలుపు. అల్యూమినియము నేరము చేసిన లోహము కాదు. ఊరూరికి కరెంటు తెచ్చునది అదియే. కాని దాని నిరోధము రాగికంటె ఒకటిన్నర రెట్లకు పైబడినది; స్క్రూక్రింద బిగించినచోట అది కాలక్రమమున నలిగి వదులగును; గాలి సోకగానే పైపొర కరెంటును వారించు తుప్పుగా మాఱును; రాగితో ముడివైచి తేమ తగిలించిన రెండును కొఱుకులాడుకొనును. పొలములో మిగిలిపోయిన సర్వీసువైరు ముక్కలను కొట్టమునకు వాడుకొనుట పొదుపని తోచుట సహజమే గాని, ఆ పొదుపును ప్రత్తిమూటలకు దూరముగా చేసికొనవలెను.

ప్లేటునుండి దిగు తీగ కథ వేఱు. ఇంటిగోడలోపలకు తగిన పి.వి.సి. తొడుగుతీగను మిద్దెపై ఎండలో పఱచినచో అతినీలలోహిత కిరణములకు దాని జిడ్డు ఇంకిపోయి, కొన్ని వేసవులలో పాతగోచీవలె చివికిపోవును. అందులకే సోలారు కేబులని ప్రత్యేకముగా చేయుదురు. కళాయిపూసిన సన్నని రాగిపోగులు, ఎండకును వేడికిని తట్టుకొను రెండు పొరల తొడుగు. మనదేశమున దానికి 2020లో ఐ.ఎస్. 17293 అను ప్రమాణము కూడ ఏర్పడినది. ధర హెచ్చే. కాని ఆదోని వేసవి 42 డిగ్రీలు దాటిననాడు రేకుక్రింద గాలి ఎంత కాగునో అక్కడ మధ్యాహ్నము కూర్చున్నవారికి తెలియును. పి.వి.సి. తీగ మోయదగిన ప్రవాహమును 30 డిగ్రీల వేడిలో లెక్కించి పట్టికలలో వ్రాయుదురు. చుట్టు వేడి 50 డిగ్రీలైన ఆ మోతాదు నూటికి 71 వంతులకును, 60 అయిన సగమునకును దిగిపోవును. లండనునకో బెర్లినునకో వ్రాసిన పట్టికను రేకుల కొట్టమున చదువుకొనునపుడు ఈ తగ్గింపును మఱవరాదు. తీగను రేకునకంటించక, వాసముప్రక్కగా గొట్టములో నడిపిన వేడియు తగ్గును, ఎలుకయు దూఱదు. ఎలుకకు ప్రమాణములు తెలియవు.

ఫ్యూజునుగుఱించి మనకొక పాతభ్రమ యున్నది, అది బల్బును కాపాడుటకని. కాదు, అది తీగను కాపాడుటకు. కనుక తీగ మోయగల దానికంటె తక్కువకే అది తెగవలెను; 5 ఆంపియర్ల పనికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినవాడు 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకొన్నచో నిశ్చింతగా నిద్రింపవచ్చును. దాని చోటు బ్యాటరీ ధనధ్రువమునకు ఎంత దగ్గఱగానైన అంత మేలు. ఎందుకనగా ఫ్యూజునకును బ్యాటరీకిని నడుమనున్న తీగముక్కను కాపాడు దిక్కు లేదు. మనవారు తెగిన ఫ్యూజులో చేతికందిన రాగిపోగులు నాలుగు కలిపి చుట్టి, ఇక తెగదని తృప్తిపడుదురు. అది తెగదు, నిజమే, తెగవలసిన పని ఇల్లు చేయును. ఇందు విచిత్రమేమనగా సోలారు ప్లేటు బ్యాటరీవంటిది కాదు. దాని రెండు కొనలను కలిపివేసినను, మామూలుగా ఇచ్చు ప్రవాహముకంటె స్వల్పముగా మాత్రమే హెచ్చించి ఊరకుండును; సూర్యుడు తన మితమును మీఱడు. ఆ సూర్యుని దినమెల్ల కొంచెము కొంచెముగా దాచుకొనిన బ్యాటరీయే ఒక్క క్షణమున అంతయు క్రుమ్మరించుటకు సిద్ధముగా నుండును. ఒంటిప్లేటు తీగకు ఫ్యూజు లేకపోయినను గడచును, బ్యాటరీ తీగకు లేకపోయిన గడవదు. అమ్మువారు ఈ భేదమును చెప్పరు. ప్లేటును అద్దమువలె తుడిచి చూపుదురు.

స్విచ్చిమాటయు నిట్టిదే. మన యింటి కరెంటు సెకనునకు ఏబది పర్యాయములు ముందువెనుకలాడుచు, నూఱుమాఱులు సున్నకు దిగును. స్విచ్చి తీసినపుడు పుట్టిన మెఱుపు ఆ సున్నదగ్గఱ తనంత తాను ఆఱిపోవును. బ్యాటరీ కరెంటునకు ఆ విరామము లేదు. అది పుట్టిన మెఱుపును పట్టుకొని సాగదీయును, స్విచ్చిలోని ఇత్తడిరేకులను కాల్చును, ఒక్కొక్కప్పుడు అతికించివేయును. అతుకుకొన్న స్విచ్చి పైకి ఆపినట్లున్నను లోపల కరెంటు పాఱుచునేయుండును. ఒత్తిడి పెరిగినకొలది ఈ పీడ పెరుగును గనుక, ప్లేట్లవైపు వాడు బ్రేకరు డి.సి.కి, అనగా ఏకముఖ విద్యుత్తునకు, తగినదని దానిపై వ్రాసియుండుటను చూచి కొనవలెను. ఇదంతయు థామస్ ఎడిసన్ పడిన పాటే. ఆయన 1882లో న్యూయార్కు పెర్ల్ వీధిలో విద్యుత్కేంద్రము తెఱచి 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తును అమ్మినపుడు, దానిని మైలుదూరమునకు మించి పంపుటకు లావుపాటి రాగికమ్మీలకై ధనము గ్రుమ్మరింపవలసివచ్చినది. ఒత్తిడిని పెంచి సన్నని తీగపై దూరమేగగల ఏకాంతర విద్యుత్తు తుదకు గెలిచినది. 1954లో బెల్ ప్రయోగశాలవారు సిలికాన్ సౌరఘటమును చూపిననాడు ఎడిసన్ ఓడిన కరెంటే మరల లోకములోనికి వచ్చినది. వచ్చి, ఆయన తలనొప్పులన్నిటిని మన మెట్టచేలలోనికి తెచ్చినది.

కర్నూలు సీమలో పెద్దసోలారు లేకపోలేదు. గని, శకునాల గ్రామముల చెంత 2017లో నడకకు వచ్చిన వేయి మెగావాట్ల సౌరక్షేత్రమున ప్రతి తీగకును లెక్కగట్టిన ఇంజనీరున్నాడు, ప్రతి పెట్టెకును తనిఖీ చీటియున్నది. అదే సూర్యుడు, అదే సిలికాన్, ఇచట వంద వాట్లు, లెక్కగట్టువాడు లేడు. బిల్లులో తీగది అన్నిటికంటె క్రింది వరుస; పైవరుసలకు డబ్బుపోసి వచ్చినవాడు బేరమాడుటకు మిగిలినది అదొక్కటే. వెలుగునిచ్చునది బల్బు, దాచునది బ్యాటరీ, తెచ్చునది ప్లేటు. తీగ ఏమి చేసినదని అడిగినచో ఏమియు జరుగనీయలేదని చెప్పవలెను. జరుగనిదానికి వెలకట్టుట మన సంతలో అలవాటు లేదు.

మఱియొక సంగతి చెప్పక విడిచిన అన్యాయమగును. కొట్టదన్నమాట ఒంటి ప్లేటునకే. 12 వోల్టులదని అమ్ము ప్లేటుకూడ తీగతగిలింపక ఎండలో పెట్టిన 21, 22 వోల్టులు చూపును. అట్టివి అయిదింటిని వరుసగా గొలుసుకట్టిన నూఱు దాటును, అది కొట్టును, కొట్టి విడువదు. పట్టపగలు దానిని ఆపుటకు సూర్యునకు స్విచ్చి లేదు. ప్లేటుమీద గోనెపట్టా కప్పియో, ప్రొద్దుగ్రుంకిన పిదపనో తీగలు ముట్టవలెను. కంట్రోలరునకు ముందు బ్యాటరీని తగిలించి ఆపై ప్లేటును, విప్పునపుడు ముందు ప్లేటును ఆపై బ్యాటరీని.

ఈ పరిజ్ఞానమంతయు మూటగట్టుకొని, ఒక మిత్రుని కోరికపై, కాలువకావలి చేనికొట్టమునకు పోయితిని. పశ్చిమ కర్నూలులో పంటపని ముగియగానే కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, ఆదోని ప్రాంతపు పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములు మిరపకోతలకై గుంటూరు సీమకు సుగ్గికి తరలిపోవును. తాళములు పడని ఇండ్లలో ముసలివారును, వారికప్పగించిన పిల్లలును మిగులుదురు. ఆ కొట్టములోను కొడుకు, కోడలు సుగ్గికి పోగా అవ్వ, తాత, ముగ్గురు పిల్లలు. నేను 24 వోల్టుల మాట, 6 చదరపు మిల్లీమీటర్ల మాట, కొట్టు కరెంటునిచ్చు ఇన్వర్టరు వలదన్నమాట, పిల్లలున్నయింట కొట్టని కరెంటే మేలన్నమాట వివరముగా చెప్పితిని. అవ్వ వక్కాకు నములుచు అంతయు విన్నది.

"బాగ సెప్తివి నాయనా. ఆ కొట్టే కరెంటే పెట్టు" అన్నది.

ఏమవ్వా యని అడుగగా, పెద్ద మనుమని వైపు గడ్డమెత్తి చూపినది. వాడు కొంతకాలముగా బ్యాటరీ రెండు టెర్మినళ్లమీదను చెంచా ఆనించి, రవ్వలు రాల్చి, తమ్మునికిని చెల్లెలికిని చూపి నవ్వించుచున్నాడట. "అది కొట్టదని వాడికి తెలిసిపాయ. ఊర్లో మా చిన్నాయన ఇంట్లో ప్లగ్గుంటాది సూడు, దాని తావుకు ఒగడూ పోడు."

భయము పోయినచోటికి తెలివిని తేవలెనని నేను పోయితిని. అవ్వకు నా తెలివి పండువఱకు పిల్లలను కాచు తీఱిక లేదు, ఉన్న భయమునే వాడుకొనదలచినది. బ్యాటరీ వాయువున రవ్వపడిన పేలునన్నది ఆమె యెఱుగదు, చెంచా నెఱుగును. మేము ఒప్పందమునకు వచ్చితిమి. బ్యాటరీయు ఇన్వర్టరును గాలిరంధ్రములుగల కొయ్యపెట్టెలో, ప్రత్తికి ఎదుటిమూలను, తాళమువేసి. ఆ రెండిటి నడుమ మీటరుకు లోపు పొడవున 10 చదరపు మిల్లీమీటర్ల తీగ, 300 వాట్లకు 12 వోల్టులలో 30 ఆంపియర్ల దాపున పాఱును గనుక 40 ఆంపియర్ల ఫ్యూజు. పెట్టెనుండి బల్బులకు మామూలు ఇంటితీగ, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే తెగు బ్రేకరు. తాళపుచెవి అవ్వ వక్కాకు సంచిలోనికి పోయినది. ఒంటరి ఇన్వర్టరునకు నేలతో పొత్తు కుదుర్పనిదే ఆ బ్రేకరు పనిచేయదు గనుక ఎర్తుగొయ్యి ఎక్కడన్న ప్రశ్న వచ్చినది. రేగడినేల ఎండకు నెఱ్ఱెలువిచ్చి రాడ్డును వదలివేయును; బొగ్గును ఉప్పును పోసినను తడిలేనిదే గుణములేదు. తాత గట్టు చూపెను. అవ్వ, గొడ్లు నీరుత్రాగు తొట్టిప్రక్క, దినమెల్ల నీరొలికి పాచిపట్టిన చోటు చూపినది. అది తడికి తగినదే గాని, ముందుకాళ్లు వెనుకకాళ్లు ఎడముగా నిలుచు పశువునకు నేలలో పాఱు కరెంటు మనకంటె ముందు తెలియునని చెప్పి, తొట్టినీరు పొర్లి కాలువకట్టి పోయి ఇంకు తావున, గొడ్లు త్రొక్కని కంపచెట్లక్రింద, గడ్డపాఱ వేయించితిని.